పనితనానికి సంతకం ఎవరు పెట్టాలె?

(పెద్దవూరలో భవన నిర్మాణ కూలీల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



మన పక్కనే సాగర్ డ్యాం ఉన్నది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేసిండని బడిలో పిల్లలకు నేనే చెప్తున్న. అది రాతి కట్టడం. రాయి మీద రాయి మనుషులే మోసిన్రు, మనుషులే పేర్చిన్రు. మా తాత ఆ రాళ్లు మోసినోడే. 1967లో కాల్వలకు నీళ్లొదిలిన్రు. తాతకు మిగిలింది కాయగాసిన భుజం. ఇక్కడ పనిచేసిండు అని రాసిన చీటీ ముక్క కూడ లేదు.

మా ఇంట్ల మొదటి డిగ్రీ నాది. ఆ కాగితం చూపితే నౌకరి వచ్చింది. మా తమ్ముడు ఇరవై ఏండ్లుగా తాపీ పట్టిండు. తూకం గుండు వేయకముందే గోడ వంకర చెప్తడు. పట్నం పోతే "సర్టిఫికెట్ ఏది?" అంటరు. వాని దగ్గరున్నది కులం సర్టిఫికెట్ ఒక్కటే! పుట్టుకకు ముద్ర దొరికింది, పనితనానికి దొరకలేదు.

మనకు రెండు కాగితాలు కావాలె. ఒకటి, కార్మికుడు అని చెప్పే గుర్తింపు కార్డు. 18 నుండి 60 ఏండ్ల లోపు వాళ్లు, గడిచిన పన్నెండు నెలల్లో 90 రోజులు పనిచేస్తే నమోదు చేయాలని 1996 చట్టం చెప్పింది. 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ అదే షరతు పెట్టిన్రు. కట్టడం ఖర్చులో నూటికి ఒక రూపాయి సెస్సు వసూలు చేసేది మన సంక్షేమానికే. కాని ఆ 90 రోజులు రాసిచ్చేదెవరు? మా తమ్ముడు అడిగితే ఒక కాంట్రాక్టరు "రేపటి నుండి పనికి రాకు" అన్నడు.

రెండోది, పని వచ్చు అని చెప్పే సర్టిఫికెట్. 1998లో హైదరాబాదులో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ పెట్టిన్రు. 2015లో మొదలైన కౌశల్ వికాస్ యోజనలో, పని మీదనే నేర్చినోళ్లను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు చేసిన్రు. మంచిదే. అయితే ఆ పరీక్ష మన ఊరికి రావాలె. తెలుగులో ఉండాలె. ఆ రోజు కూలి పోకూడదు.

ఇంకో మాట, చేదుగ ఉంటది. మన అక్కలు గమేళాలు మోసి మోసి అలసిపోయిన్రు. మాలు కలిపేది వాళ్లు, మేస్త్రీ అయ్యేది మాత్రం మనం. ఎన్నడన్న వాళ్ల చేతికి తాపీ ఇచ్చినమా? మనల్ని తొక్కినోళ్లను తిడుతూ, మన ఇంట్ల మనమూ అదే పని చేస్తున్నం.

కాబట్టి నేటి నుండి ప్రతి ఒక్కరి దగ్గర ఒక నోటుబుక్కు ఉండాలె. తేదీ, ఊరు, చేసిన పని, చేయించుకున్నోళ్ల పేరు అందుల రాయాలె. రాయరానోళ్లకు రాసిపెట్టే పూచీ నాది. ఆ పుస్తకాలు పట్టుకొని అందరం కలిసి లేబర్ ఆఫీసుకు పోదాం. ఒక్కడు అడిగితే పని పోతది, వందమంది అడిగితే జవాబు చెప్పక తప్పదు. 1942 నుండి 1946 వరకు వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన బాబాసాహెబ్ వారసులం మనం. దయ అడుగుతలేము, లెక్క అడుగుతున్నం.

తాత పేరు ఏ కాగితం మీద లేదు. మనుమని పేరన్న ఉండాలె. మనుమరాలి పేరు పక్కన మేస్త్రీ అని ఉండాలె.

జై భీమ్!