చేతిలో ఫోనుంది, పక్కన మనిషి ఉండాలి
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



ఫోను గురించి మాట్లాడమని చెప్పినప్పుడు ముందు జంకాం. పదో తరగతి చదువుకున్నవాళ్లం, మేమేం చెబుతాం అనుకున్నాం. కానీ ఫోను వల్ల మా సంఘంలో మంచీ జరిగింది, చెడూ జరిగింది. ఆ రెండూ ఉన్నదున్నట్టు చెబుతాం.

ముందు మంచి చెబుతాం. ఒకప్పుడు వాయిదా కట్టాలంటే ఇద్దరు లీడర్లం కూలి మానుకుని, ఆటో ఛార్జీ పెట్టుకుని, బ్యాంకు దగ్గర మధ్యాహ్నం దాకా లైన్లో నిలబడేవాళ్లం. ఇప్పుడు ఊళ్లోనే బ్యాంకు మిత్ర దగ్గర ఇద్దరం వేలిముద్రలు వేస్తే పని అయిపోతోంది. మాలో ఇడ్లీ బండి నడిపే అక్క బండికి స్కానరు అట్ట కట్టింది. "చిల్లర లేదు, రేపిస్తా" అని ఎగ్గొట్టేవాళ్లు తగ్గారు. మిషను కుట్టే చెల్లెలు జాకెట్ల డిజైన్లు వాట్సాప్ స్టేటస్‌లో పెడితే పక్క ఊళ్ల నుంచి కూడా బట్టలు వస్తున్నాయి. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన మా సభ్యురాలు రోజూ రాత్రి వీడియో కాల్‌లో పిల్లాడికి అన్నం తినిపించినంత పని చేస్తుంది. ఇవన్నీ కాదనలేం.

ఇక చెడు చెబుతాం. ఇది మా తప్పు కూడా.

వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాక మేము మీటింగు మానేశాం. "ఫోన్లో చెప్పుకుంటున్నాం కదా, మళ్లీ కూర్చోవడం ఎందుకు" అనుకున్నాం. పొదుపు కట్టినవాళ్లు ఫోటో పెట్టేవాళ్లు, మిగిలినవాళ్లు బొటనవేలి బొమ్మ పెట్టేవాళ్లు. తీర్మానం పుస్తకం మాత్రం ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించేవాళ్లం.

ఒక రాత్రి మా సభ్యురాలు ఒకామె గ్రూపులో రాసింది. కూతురి కాలేజీ ఫీజుకు అయిదు వేలు కావాలంది. నలుగురం చూశాం. తెల్లారి మాట్లాడదాంలే అనుకున్నాం. తెల్లారేసరికి ఆ మెసేజి గుడ్ మార్నింగ్ పువ్వుల కింద, దేవుడి బొమ్మల కింద ఎక్కడికో పోయింది. అదే మీటింగులో ఆమె ముఖం చూసి ఉంటే అడక్కుండా ఉండేవాళ్లమా? అప్పటికి మా సంఘం పొదుపులో డబ్బుంది. రూపాయి వడ్డీకి అదే రోజు ఇవ్వగలిగేవాళ్లం.

ఆమె ఫోన్లో వచ్చిన ప్రకటన నొక్కి, ఒక లోను యాప్‌లో అయిదు వేలకు పెట్టింది. చేతికొచ్చింది మూడు వేలు. వారంలో అయిదు వేలూ కట్టమన్నారు. యాప్ వేసుకునేటప్పుడు అడిగినదానికల్లా "అలో" అని నొక్కడంతో ఆమె ఫోన్లోని నంబర్లు, ఫోటోలు వాళ్ల చేతికి పోయాయి. ఎనిమిదో రోజున ఆమె ముఖాన్ని ఎవరి ఒంటికో అతికించిన ఫోటో మా అందరి ఫోన్లకూ వచ్చింది.

అంతకన్నా సిగ్గుపడే సంగతి ఇంకొకటుంది. ఆ ఫోటోని మాలోనే ఒకరు "ఇది నిజమేనా?" అని గ్రూపులో పెట్టారు. ఆమె తలుపు వేసుకుని మూడు రోజులు బయటికి రాలేదు. మేము వెళ్లి తలుపు కొడితే, "మీరు కూడా చూశారు కదా" అంది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ రోజు పది మందిమీ ఆమె ఇంట్లోనే కూర్చున్నాం. ఫోటో పెట్టినామె అందరి ముందూ క్షమాపణ అడిగింది. అందరం ఆమెను వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు ఇచ్చాం. కూతురి ఫీజుకు తక్కువైనది సంఘం నుంచి సర్దాం. ఆమె ఇప్పుడు ఈ సభలోనే ఉంది. చెప్పమని ఆమె అన్నాకే ఇది చెబుతున్నాం.

అక్కలారా, మేము నేర్చుకున్నవి మీరు కూడా గుర్తుపెట్టుకోండి.

డబ్బు పంపడానికి పిన్ కొట్టాలి. మనకు డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. "పిన్ కొడితే డబ్బు పడుతుంది" అన్నవాడు దొంగ. ఓటీపీ బ్యాంకు వాళ్లమని చెప్పినా ఇవ్వకండి.

లోను యాప్‌లు మన ఫోన్లోని నంబర్లు, ఫోటోలు తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే నిబంధన పెట్టింది. అవి అడిగిన యాప్‌ను అక్కడే తీసేయండి.

మోసపోతే ఏడుస్తూ కూర్చోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే, డబ్బు చేతులు మారకముందే ఆపడానికి అంత వీలుంటుంది.

అలాంటి ఫోటో వస్తే ఎవరికీ పంపకండి. అశ్లీల చిత్రాలు ఫోన్లో పంపడం ఐటీ చట్టం ప్రకారం నేరం. ఆధారం కోసం సంబంధించినామెకు, పోలీసులకు మాత్రమే చూపించండి.

ఇంకొకటి. మనలో చాలామంది బ్యాంకు ఖాతాకు భర్త నంబరో, కొడుకు నంబరో ఉంది. డబ్బు మనది, మెసేజి వాళ్లకు! బ్యాంకుకు వెళ్లి మీ నంబరు ఇప్పించుకోండి.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారని మన పెద్దవాళ్లు చెబుతుంటారు. అక్షరం వాళ్లకు బలమే. కానీ ఆ అక్షరం నేర్చుకోవడానికి రాత్రిపూట కలిసి కూర్చున్నారు చూడండి, అది ఇంకా పెద్ద బలం. ఫోను కూడా మనకు ఇప్పుడు నేర్చుకోవాల్సిన అక్షరమే. దాన్ని ఎవరి ఇంట్లో వాళ్లం ఒంటరిగా నేర్చుకుంటే మోసపోతాం.

మా సంఘం చేసిన తీర్మానం ఇదీ: నెలకు రెండుసార్లు తప్పకుండా కూర్చుంటాం. ఆ గంటసేపు ఫోన్లన్నీ బుట్టలో వేస్తాం. అప్పు అడిగినవాళ్లకు ఆ రోజే ఏదో ఒక జవాబు చెబుతాం. మీటింగుకు రానివాళ్ల ఇంటికి ఇద్దరం వెళతాం.

ఫోను మనకు పనిమనిషిలా ఉండాలి గానీ సంఘంలా కాదు. సంఘం అంటే మనమే. మీరు కూడా మీ ఊళ్లలో ఈ మాట పెట్టి, తీర్మానం రాసుకోవాలని కోరుకుంటున్నాం.