గర్భిణి ఉప్పులో బిడ్డ బుద్ధి

గర్భిణి ఆహారమన పాలు, పండ్లే తలంతుము. నేడు మేము ఉప్పులోని అయోడిన్‌ను గూర్చి ముచ్చటింతుము.

తొలి మూడు మాసములు శిశువు థైరాయిడ్ హార్మోనుకై తల్లిపైననే ఆధారపడును. మెదడు పెంపునకు అదియే మూలము. దానికి అయోడిన్ మూలము. గర్భిణికిని, బాలింతకును దినమునకు 250 మైక్రోగ్రాములు కావలెను. తీవ్రముగ కొరవడినచో కలుగు బుద్ధిమాంద్యమును, చెవుడును పిదప ఏ మందును పూర్తిగా సరిదిద్దజాలదు.

శ్రీకాకుళమున జన్మించిన డాక్టరు వి. రామలింగస్వామి బృందము 1956లో హిమాలయ ప్రాంతపు కాంగ్రా లోయలో పరిశోధన ప్రారంభించినది. అయోడిన్ చేర్చిన ఉప్పు వాడినచోట గళగండము తగ్గినది.

గృహిణులకు మా మనవి: పొట్లముపై అయోడిన్ మాట చూచి కొనుడు. మూతగల పాత్రలో, తడి తగులకుండ, పొయ్యికి దూరముగ నుంచుడు. కూర దించునపుడు కలుపుడు. ఉప్పు హెచ్చింప పనిలేదు. అయోడిన్ గల ఉప్పైన చాలును.