ఐలమ్మ ఇంటిపేరు ఏది?
(దౌల్తాబాద్ మహిళా సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చాకలి ఐలమ్మ అంటే మనందరికీ తెలుసు. ఆమె ఇంటిపేరు ఏమిటని అడిగితే ఎంతమందిమి చెప్పగలం?

పుట్టింటి ఇంటిపేరు ఓరుగంటి. అంటే ఓరుగల్లుకు చెందినవారని అర్థం. పెళ్లయ్యాక చిట్యాల అయింది. చిట్యాల పేరుతో మన తెలంగాణలో ఊళ్లున్నాయి. మన ఇంటిపేర్లు చాలావరకు ఇలా ఊళ్ల నుంచి వచ్చినవే. అయితే లోకం ఆమెను ఈ రెండింటితోనూ పిలవలేదు, కులంతో పిలిచింది. ఆరుట్ల కమలాదేవిని, మల్లు స్వరాజ్యాన్ని భర్తల ఇంటిపేర్లతో గౌరవంగా పిలిచిన మనమే, ఐలమ్మ దగ్గరికి వచ్చేసరికి కులం పేరు ముందు పెట్టాం. ఎందుకో ఆలోచించాలి.

పాలకుర్తిలో తాను కౌలుకు చేసిన భూమి కోసం, పండిన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన మనిషి ఆమె. 1985లో కన్నుమూసింది. తక్కువ చేయడానికి వాడిన కులం పేరునే ఆ తర్వాత బడుగు వర్గాలు తలెత్తుకుని చెప్పుకున్నాయి. 2024లో హైదరాబాద్ కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ప్రభుత్వం పెట్టిన పేరు కూడా చాకలి ఐలమ్మే. అది గర్వించదగ్గదే. కానీ తండ్రిది, మొగునిది, కులానిది, ఈ మూడింటిలో ఏది కావాలని ఆమెను అడిగినవాళ్లెవరు?

మనల్ని మాత్రం ఎవరడిగారు? ఆధార్‌లో పుట్టింటి పేరు, రేషన్ కార్డులో అత్తింటి పేరు, పట్టా పాస్‌బుక్‌లో ఇంకొకటి ఉంటే, ఉన్న ఒక్క మనిషి కాగితాల మీద ముగ్గురవుతుంది. బ్యాంకు చుట్టూ తిరిగేది ఆమే. మన ముస్లిం అక్కల పేరు చివర బేగం, బీ ఉంటాయి. అవి ఇంటిపేర్లు కావు. అయినా కాగితం ఇంటిపేరు రాయమంటుంది.

పెళ్లయితే భర్త ఇంటిపేరు పెట్టుకోవాలని మన దేశంలో ఏ చట్టమూ లేదు. అమెరికాలో లూసీ స్టోన్ 1855లోనే పెళ్లి చేసుకుని తన పేరు తాను ఉంచుకుంది. ఇక పిల్లల సంగతి. భర్త చనిపోయి మళ్లీ పెళ్లి చేసుకున్న ఒక తెలుగు తల్లి కేసులో, బిడ్డకు చనిపోయిన తండ్రి ఇంటిపేరే ఉండాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆదేశించింది. 2022 జూలైలో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. తండ్రి లేనప్పుడు తల్లే సహజ సంరక్షకురాలు కాబట్టి, బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఆమెదేనంది.

అందుకని నేను కోరేది ఒక్కటే. పుట్టింటిదా, అత్తింటిదా, అసలు ఇంటిపేరే వద్దా అన్నది ఎవరికి వారు తేల్చుకోండి. తేల్చుకున్న పేరును అన్ని కాగితాల్లో ఒకేలా రాయించండి. సంఘం రిజిస్టరులో "ఫలానా ఆయన భార్య" అని కాకుండా, ముందు మీ పేరు రాయించండి. ఇవాళే ఆ పని మొదలుపెడదాం.