బిల్లసర్గపు ఎముకలు, అండమాను దుప్పులు

బేతంచెర్ల చెంతనున్న బిల్లసర్గం గుహలలో 1880 దశకమున భూగర్భశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ త్రవ్వించిన మట్టినుండి, నేడీ సీమలో ఎచ్చటను కానరాని ఖడ్గమృగముల యెముకలు సైతము వెలువడినవి. ఒక జంతుజాతి యట్లు ఒక సీమనుండి తొలగిపోయినది; అట్టి తొలగింపును మానవుడే బుద్ధిపూర్వకముగా చేయదలచినచో?

తెలుగు కుటుంబములును స్థిరపడిన అండమాను దీవులకు, గత శతాబ్దపు తొలినాళ్ళలో ఆంగ్లేయులు చుక్కల దుప్పులను కొనిపోయిరి. పులియు చిరుతయు లేని ఆ యడవులలో అవి నిరాటంకముగా వృద్ధినొంది మొలకలను మేసివేయుచుండుటచే, వృద్ధవృక్షములు కూలినచోట క్రొత్తవి లేచుట దుష్కరమగుచున్నది. ఆ దుప్పినే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము కాపాడుచున్నది!

ఇట్లు వెలినుండి వచ్చిన జంతువులను తొలగించుటకు వేరొకచోట నిదర్శనము గలదు. దక్షిణ అట్లాంటిక్ సముద్రమందలి దక్షిణ జార్జియా దీవిలో హెలికాప్టర్లనుండి విషపుటెరలు చల్లి ఎలుకలను నిర్మూలించిరి. 2018లో దీవి నిర్మూషికమని ప్రకటించిరి. ఆ ఎలుకల వాతబడుచుండిన, నేలపై గూడుకట్టు పక్షులు తేరుకొనుచున్నవి. అయితే ఆ విషము, రక్తమును గడ్డకట్టనీయక, దినముల తరబడి బాధించి చంపునట్టిది. పక్షులు మిగిలినందుకు నేనును సంతసింతును గాని, ఆ బాధను లెక్కలోనికి తీసికొనని శాస్త్రము నాకు సమ్మతము గాదు.

అండమాను దుప్పుల విషయమున మరియొక చిక్కు గలదు: అవి ఈదగలవు. ఒక దీవిలో చివరి దుప్పిని తొలగించినను, ప్రక్క దీవినుండి మరియొకటి రాగలదు. అప్పుడు మొదటి వధ యంతయు వ్యర్థము.