వరిపొలాల మీద మోపిన అభియోగం

(సమాఖ్య కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



వేతన సంఘం ఎదుట యాజమాన్యం లెక్కలు పెట్టినప్పుడల్లా మనం వేసే మొదటి ప్రశ్న ఒకటే: ఈ అంకె ఎక్కడ కొలిచినది? 1991లో మన శాస్త్రవేత్తలు కూడ ఆ ప్రశ్నే వేశారు.

భారతదేశపు వరిపొలాల నుండి ఏటా 3 కోట్ల 78 లక్షల టన్నుల మీథేన్ వెలువడుతున్నదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఆనాడు అంచనా కట్టింది. భూగోళాన్ని వేడెక్కించడంలో ఈ వాయువు బొగ్గుపులుసు వాయువుకన్న అనేక రెట్లు తీవ్రమైనది. ఐతే ఆ అంకె మన చేలలో కొలిచినది కాదు. ఐరోపా, అమెరికా పొలాలలో లభించిన కొలతలను మన సాగు విస్తీర్ణానికి వర్తింపజేసి తేల్చినది. ఎడ్లబండి రైతు మీద కార్ల దేశం మోపిన అభియోగమన్నమాట!

ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలకు చెందిన డాక్టర్ ఎ.పి. మిత్ర నాయకత్వాన అనేక పరిశోధన సంస్థలు ఏకమై, వరి పండే ప్రాంతాలలో స్వయంగా కొలతలకు దిగాయి. పైరు మీద పారదర్శకమైన పెట్టె బోర్లించి, కొంత వ్యవధికొకసారి సిరంజితో లోపలి గాలి తీసి పరీక్షించారు. నీరు నిలిచిన మట్టిలో ప్రాణవాయువు అందక సూక్ష్మజీవులు మీథేన్‌ను తయారుచేస్తాయి. నేల ఆరితే అది తగ్గిపోతుంది. మెట్ట వరి, మధ్యమధ్య నీరు తీసే చేలు మన దేశంలో విస్తారం. తేలిన అంకె ఏటా సుమారు 40 లక్షల టన్నులు. అంటే ఆరోపణలో దాదాపు పదోవంతు!

తరువాత 2017లో అనితా గణేశన్, వారి సహ పరిశోధకులు భూకేంద్రాలు, విమానాలు, ఉపగ్రహం అందించిన కొలతలతో 2010–2015 కాలాన్ని పరిశీలించారు. దేశం మొత్తం మీద, పశువులు, చెత్తకుప్పలతో సహా, ఏటా వెలువడిన మీథేన్ సుమారు 2 కోట్ల 20 లక్షల టన్నులు. ఒకప్పుడు ఒక్క వరికే అంటగట్టినదానికన్న తక్కువ. మన ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి సమర్పించిన లెక్కతో ఇది సరిపోయింది.

ఐతే ఇంతటితో చంకలు గుద్దుకొనరాదు. మన దేశపు వాయువులలో అన్నిటికన్న పెద్ద వాటా బొగ్గు మండించే విద్యుత్ కేంద్రాలది. మన రైల్వేలు మోసే సరకులో దాదాపు సగం బొగ్గే. రేపు దానిని తగ్గించే నిర్ణయం వచ్చిననాడు గూడ్సు బండ్ల మీద ఆధారపడిన లోకో, యార్డు సిబ్బంది భవిష్యత్తు ఇలాంటి అంకెల మీదనే తేలుతుంది. ఆ అంకెలు ఎవరు కొలుస్తారో, ఎక్కడ కొలుస్తారో, వివరాలు సంఘాలకు చూపుతారో లేదో ఇప్పటినుండే అడగవలసిందిగా శాఖలన్నిటిని కోరుతున్నాము.