గుత్తి పేరు మోసిన నల్లమల సాలీడు



నీలమణివలె మెరయు పెద్ద సాలీడొకటి నంద్యాల, గిద్దలూరుల నడిమి అడవిలో నున్నది. అయినను లోకము దానిని గుత్తి సాలీడనియే పిలుచుచున్నది. కారణ మేమన, 1899లో పోకాక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దానిని తొలుత వర్ణించినపుడు ఆధారమైనది గుత్తి రైల్వే కట్టెల అడితిలో దొరకిన ఒక్క జీవి మాత్రమే. అది కట్టెలతోపాటు రైలులో వచ్చినదని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. శతాబ్ది గడచిన పిమ్మటగాని దాని నిజనివాసము తెలియలేదు.

ముదురు చెట్ల తొఱ్ఱలలో పగలు దాగి, రాత్రివేళ పురుగులను పట్టి తినును. దాని నీలిమ రంగుద్రవ్యము వలనగాక రోమముల సూక్ష్మనిర్మాణమున వెలుగు ప్రతిఫలించుటచే కలుగును.

నూరు చదరపు కిలోమీటర్లకు మించని అడవియే దానికి తెలిసిన నెలవు. 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము దానిని మిక్కిలి ప్రమాదస్థితిలో నున్న జీవిగా పేర్కొనెను. వంటచెఱకునకై తొఱ్ఱమాను కూలినచో దాని యిల్లును కూలును. ఆ మ్రాకులను నిలుపుట ఈ సీమవారి చేతిలోనే యున్నది.