వెండితెర యుద్ధములు - మన మాజీ సైనికులు
(పఠనాలయ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



యుద్ధచిత్రములను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని పఠనాలయ కార్యదర్శిగారు కోరినప్పుడు మేము సంకోచించితిమి. మేము తుపాకి పట్టినవారము కాము. చలనచిత్ర నిర్మాణపు మర్మము లెరిగినవారమును కాము. ఐనను ఒప్పుకొంటిమి. ఏలయన, గతమాసమున ఇదే మందిరమున, ఈ గోడకే తెల్లదుప్పటి కట్టి ఒక బొమ్మ నాడించినప్పుడు, వెనుక బల్లమీద కూర్చున్న నలుగురు మాజీ సైనికులు తమలో తాము చేసికొన్న సంభాషణను మేము ఆద్యంతము వింటిమి. పిలువని పేరంటమునకు పోయినట్లు ఒరుల మాటలకు చెవియొగ్గుట మర్యాద కాదని యెరుగుదుము. కాని, విన్న పిదప ఊరకుండుట అంతకంటె అమర్యాద యని తోచినది.

ఆ నలుగురిలో ఒకరు 1971 లో పడమటి సరిహద్దున నిలిచిన పదాతిదళపు హవల్దారుగారు. ఒకరు ఆ యేటనే విశాఖపట్టణమున నౌకాదళమున కొలువున్నవారు. మూడవవారు సిగ్నలు దళమున ఇరువదేండ్లు పనిచేసినవారు. వీరి తండ్రిగారు రెండవ ప్రపంచ యుద్ధమున బర్మారంగమునుండి మరలివచ్చిన సుబేదారు. నాలుగవవారు సైనిక వైద్యదళమువారు. ఆ రాత్రి వారు పెదవి విప్పలేదు.

ఆడిన బొమ్మ 1997 లో వచ్చిన హిందీ చిత్రము "బోర్డర్". రాజస్థానపు ఎడారిలో లోంగేవాలా యను కావలిస్థలమున 1971 డిసెంబరు 4 రాత్రి జరిగిన పోరాటము దాని కథ. 23వ పంజాబు పటాలమునకు చెందిన మేజరు కుల్దీప్ సింగ్ చాంద్‌పురి సుమారు నూటయిరువది మందితో శత్రు ట్యాంకుల నెదిరించి తెల్లవారువరకు నిలిచెను. తెరమీద నాయకుడు కంఠము చించుకొని ఉపన్యసించుచుండగా మన హవల్దారుగారు మెల్లగా నవ్వి, "అంత గొంతెత్తడానికి తీరికెక్కడిది బాబూ? నోరు తెరిస్తే ఇసుక!" అనిరి. ఎడారిలో రాత్రివేళ కంటికంటె చెవియే సైనికునకు దిక్కట. ట్యాంకు కనబడుటకు మునుపే దాని యింజను సద్దు వినబడును; ఎంత దూరమో, ఏ దిక్కో నిర్ణయింపరాదు. ఆ సద్దును వినుచు కూర్చుండుటయే యుద్ధమున ముప్పాతిక భాగమని వారి మాట. ఏ నిర్మాత ప్రేక్షకులను రెండు గంటలసేపు చీకటిలో కూర్చుండబెట్టి దూరపు సద్దును వినిపింపగలడు?

తెల్లవారగనే జైసల్మేరునుండి హంటరు విమానములు వచ్చి ట్యాంకులను పాడుచేయుట మాత్రము ఉన్నదున్నట్లు చూపిరి. రాత్రివేళ గురిచూచి కొట్టు సాధనములు ఆ విమానములకు లేకుండుటచే వారు ఉదయమువరకు ఆగవలసివచ్చెను. ఇంతవరకు బాగు. కాని చిత్రమున మనవా రనేకులు నేలకొరగుదురు. నిజముగా ఆ కావలిస్థలమున మరణించిన మన సైనికు లిద్దరే. తెరమీద వీరమరణము పొందిన భైరోన్ సింగ్ అను సరిహద్దు రక్షణదళపు సైనికుడు నిజమునకు ఆ యుద్ధమును దాటి బ్రతికి, 1972 లో సేనా పతకము నంది, స్వగ్రామమున ముసలివాడై, 2022 డిసెంబరులో జోధ్‌పురమున కన్నుమూసెను. అనగా వెండితెర అతనిని చంపిన పిదప ఇరువదియైదేం డ్లతడు జీవించెనన్నమాట!

ఈ మాట సిగ్నలు దళమువారు చెప్పగా హవల్దారుగారు కొంతసేపు మిన్నకుండిరి. పిదప వారన్న మాట నెన్నడు మరువజాలము. "చచ్చినవాడికి దండ వేస్తారు. బతికొచ్చినవాడు ఏటేటా బ్యాంకుకు పోయి, నేను బతికే ఉన్నానని కాగితం ఇచ్చుకోవాలి. సినిమావాళ్ళకీ బ్యాంకువాళ్ళకీ మన బతుకు మీద నమ్మకం లేదండీ!" నలుగురును నవ్విరి. మాకు నవ్వు రాలేదు. మా కన్నతాతలనాటినుండి ఈ దేశమున వీరుడనిన చచ్చినవాడే. పలనాటి వీరులను తలచినను, బొబ్బిలికోటను తలచినను, మన కథకుల కంఠము పొంగునది నెత్తురు నేల రాలిన చోటనే. కోట విడిచి బ్రతికిపోయి, పిదప ముప్పదేండ్లు సేద్యము చేసికొన్న బంటును గూర్చి ఏ జంగము పాడెను? సినిమా క్రొత్తది గాని దాని రుచి పాతది.

నౌకాదళమువారి గొడవ మరియొకటి. 2017 లో తెలుగునను హిందీనను వచ్చిన "ఘాజీ" చిత్రమును గూర్చి వారు చెప్పినది వినుడు. 1971 డిసెంబరు 3వ తేది అర్ధరాత్రి దాటిన వెనుక పాకిస్థాను జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవునకు చేరువనే మునిగిపోయెను. అందున్న తొంబదిమందికి పైగా నావికులలో ఒక్కడును బ్రతుకలేదు. అది వచ్చినది మన విమానవాహక నౌక విక్రాంతును వేటాడుటకు. విక్రాంతు మాత్రము అప్పటికే అండమాను దీవుల చాటున నున్నది. అది విశాఖ సమీపముననే యున్నదను భ్రాంతిని కల్పించి శత్రువును రప్పించినది తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరలు కృష్ణన్. ప్రాత యుద్ధనౌక రాజపుత్ రేవు వెడలి సముద్రగర్భమున ప్రేలుడు గుండ్లను విడిచెననియు, వానిచేతనే ఘాజీ మునిగెననియు మనవారందురు. తన మందుపాతరలే తనను ముంచినవని పాకిస్థానువారి వాదము. ఏది యెట్లున్నను, చిత్రమున చూపిన జలాంతర్గాముల ద్వంద్వయుద్ధము మాత్రము కల్పన.

"మా ఊళ్ళో ఆ రాత్రి దీపాల్లేవు. అద్దాలు గణగణలాడాయి. ఏం జరిగిందో మాకే తెలియదు. మర్నాడు జాలరులు తేలిన సామాను తెచ్చినప్పుడు గదా తెలిసింది!" అనిరి నౌకాదళమువారు. యుద్ధమును గెలిచినవారికి గెలిచినట్లు తెలియకపోవుట! ఇంతటి నాటకము కండ్లయెదుట నుండగా వేరొక నాటకము నల్లవలసిన పనియేమి? ఐనను వారా చిత్రమును మూడుమార్లు చూచిరట. ఏలయని యడుగగా, ఇరుకుగదిలో చెమట, నూనెవాసన తలపునకు వచ్చునని చెప్పిరి. తప్పులన్నియు లెక్కించుటకే పోయి, తీరా తప్పులు మరచి కూర్చుండుదురట. దీనిని విమర్శకులమగు మేము గమనింపవలసియున్నది. మాజీ సైనికుడు చిత్రమును చూచుట మనము చూచుటవంటిది కాదు. మనము కథకొరకు పోదుము. వారు ఒక బూటు చప్పుడు కొరకు, ఒక రొట్టె పరిమాణము కొరకు పోదురు.

పరదేశములందును ఇట్టిదే కనబడుచున్నది. 1962 లో వచ్చిన "ది లాంగెస్ట్ డే" చిత్రమున, నార్మండీలో ఒక వంతెనను పట్టుకొన్న మేజరు జాన్ హోవర్డు వేషము వేసిన రిచర్డు టాడ్ అను నటుడు, 1944 జూన్ 6వ తేదిన ఆ వంతెనకడకే పారాచూటుతో దిగి పోరాడినవాడు. తాను చూచినదానిని వేరొకని పేర నటించుట యెట్లుండునో ఊహింపుడు. 1998 లో "సేవింగ్ ప్రైవేట్ ర్యాన్" వచ్చినప్పుడు, ఆ సముద్రతీర సంహారమును చూడజాలక వృద్ధ సైనికులు ప్రదర్శనశాలలనుండి లేచిపోయిరి. వారు మనసు విప్పి మాటలాడుకొనుటకు అమెరికా మాజీ సైనికుల శాఖ ప్రత్యేకముగా ఒక టెలిఫోను నేర్పరచవలసివచ్చెను. యుద్ధము ముగిసి అప్పటికి ఏబదిమూడేండ్లు! గాయము మానినదని మనమనుకొన్నచోట అది మాటలేక మూగవోయినదే గాని మానలేదు.

ఇక మూడవవారగు సిగ్నలు దళమువారి ఫిర్యాదు. దీనిపై మేము కొంత నిలువవలెను. వారికి "ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్" అనిన మహాప్రీతి, మహాకోపము. 1957 లో డేవిడ్ లీన్ తీసిన ఆ చిత్రమునకు ఏడు ఆస్కారు బహుమానములు వచ్చినవి. జపానువారికి చిక్కిన బ్రిటిషు సైనికులు వంతెన కట్టుట దాని కథ. చిత్రము తీసినది సింహళమున. దానిని చూచి యాత్రికులు థాయిదేశమునకు పోయి, క్వాయ్ నది యెక్కడనుచు అడుగసాగిరి. వంతెన యున్న నదికి ఆ పేరే లేదు; అది మే క్లాంగు. ఇక చేయునదేమి! అక్కడివారు 1960 ప్రాంతమున ఆ నది పేరే మార్చివేసిరి. సినిమాకు తగినట్లు నదులు పేరు మార్చుకొనవలసిన కాలము వచ్చినది.

నిజముగా అక్కడ అధికారిగా నున్న కర్నలు ఫిలిప్ టూసీ, చిత్రములోని కర్నలువలె శత్రువుకు మనసిచ్చి వంతెన కట్టినవాడు కాడు. అతని మనుష్యులు చెదలను పట్టి తెచ్చి కొయ్యదూలములపై విడిచిరని చెప్పుదురు. చెరనుండి తిరిగివచ్చిన బ్రిటిషు సైనికులు తమ నాయకునకు జరిగిన ఈ అపచారమునకు గట్టిగా అభ్యంతరము చెప్పిరి. బాగుగనే యున్నది. వారికి చెప్పుకొనుటకు గొంతుక కలదు; వినుటకు పత్రికలు కలవు.

కాని ఆ రైలుమార్గము 415 కిలోమీటర్లు. 1942 నుండి 1943 అక్టోబరువరకు దానికై పనిచేసిన యుద్ధఖైదీలు అరువదివేలు; మరణించినవారు పండ్రెండువేలకు పైబడిరి. వారితోబాటు పనిచేసిన ఆసియా కూలీలు సుమారు రెండు లక్షలు! వారిలో మలయా రబ్బరుతోటలనుండి తరలింపబడినవారు వేలకు వేలు. తమిళు లెక్కువ, మన తెలుగువారును కలరు. కలరావచ్చి, తిండిలేక, మందులేక చచ్చినవారి సంఖ్య డెబ్బదియైదువేలని కొందరు, లక్షయని కొందరు. లెక్కవేసినవారు లేరు గనుకనే ఇంత తేడా. కాంచనబురి సైనిక శ్మశానమున ఖైదీల సమాధులు వరుసలు తీరి, పేరు చెక్కిన పలకలతో, పచ్చికతో నున్నవి. కూలీల యెముకలు గుంటలలో గుట్టలుగా బయల్పడినవి. చిత్రమున వారేరీ? రెండున్నర గంటలకు పైబడిన ఆ కథలో రబ్బరుతోట కూలీ యొక్కడును పేరుతో పలుకడు. విశాఖ, గోదావరి మండలములనుండి మలయాకు పోయి మరల ఉత్తరము వ్రాయని వారి కొరకు ఎదురుచూచి కన్నుమూసిన తల్లులు మన పల్లెలలో ఎందరు!

డంకర్కు కథయు నిట్టిదే. 2017 లో వచ్చిన చిత్రమున బ్రిటిషు సేన ఫ్రాన్సు తీరమునుండి తప్పించుకొనుట చూచి లోకము ముగ్ధమైనది. ఆ సేనకు సామాను మోయుటకై 1939 డిసెంబరులో మార్సేల్సు రేవున దిగిన భారతీయ కంచరగాడిద దళములు నాలుగు. మోటారు బండ్లపై ఆధారపడిన తెల్లసేనకు మంచుబురదలో కంచరగాడిదయే గతి యైనది. ఆ దళములవారిలో కొందరు డంకర్కుననే ఓడ నెక్కిరి. ఒక దళము శత్రువునకు చిక్కినది. వారి తలపాగ యొక్కటైనను తెరపై కనబడదు. రెండవ ప్రపంచ యుద్ధమున ఇరువదియైదు లక్షల భారతీయులు సేనలో చేరిరి. ఎనుబదివేలకు పైగా మరణించిరి. ఇంఫాలువద్ద ఇటు భారతీయుడే, అటు నేతాజీ పతాకముక్రింద నిలిచినవాడును భారతీయుడే. వీరి కథ పరులు చెప్పరని వాపోవుట మాని మనమేమి చెప్పితిమో చూచుకొందము. తెలుగు తెరపై ఆ యుద్ధమున భారత సిపాయిని నిలిపిన చిత్రమనిన 2015 నాటి "కంచె" జ్ఞప్తికి వచ్చును. పిమ్మట వ్రేళ్ళు మడువబోయి మేము ఆగిపోయితిమి.

చలనచిత్రముతో నేమగునని తేలిక చేయువారికి ఒక సంగతి. 2006 లో ఫ్రెంచి భాషలో "ఆందిజెన్" అను చిత్రము వచ్చెను. "నేటివులు" అని దాని యర్థము, తెల్లదొర వలసప్రజను పిలిచిన పేరు. ఫ్రాన్సును విడిపించుటకై పోరిన ఉత్తరాఫ్రికా సైనికుల కథ అది. వలసలు స్వతంత్రములైనది మొదలు వారి పెన్షనులను పెంచక ఫ్రెంచి ప్రభుత్వము దశాబ్దములుగా బిగబట్టియుంచినది. అధ్యక్షుడు షిరాక్ ఆ చిత్రమును చూచెను. అది విడుదలయైన ఆ సెప్టెంబరులోనే వారి పెన్షనులు ఫ్రెంచి సైనికుల పెన్షనులతో సమానము చేయబడునని ప్రకటన వెలువడెను. ఏండ్ల తరబడి వ్రాసిన అర్జీలు చేయలేనిది రెండు గంటల బొమ్మ చేసెను. ఐతే అప్పటికెందరు బ్రతికియుండిరి?

ఈ ప్రశ్నయే మమ్ము బాధించుచున్నది. రెండవ ప్రపంచ యుద్ధమున పోరినవారిలో నేడు మిగిలినవారు నూరేండ్ల వాకిట నున్నవారే. 1971 నాటి యువకులు డెబ్బదులు దాటిరి. పశ్చిమగోదావరిలో మాధవరము అను గ్రామము గలదు. ఇంటింట సైనికుడుండుటచే దానికి మిలిటరీ మాధవరమని పేరు. అట్టి గ్రామములలో అరుగుమీద కూర్చున్నవాని నోట నున్నది ఏ గ్రంథాలయమునను లేదు.

ఆ రాత్రి బొమ్మ ముగిసి, దుప్పటి మడచి, అందరు లేచిరి. వైద్యదళమువారు మెట్లమీద చెప్పులు తొడుగుకొనుచుండగా మేము సమీపించి, తమకు చిత్రము నచ్చలేదా యని యడిగితిమి. వారు కొంతసేపటికి, "అన్ని సినిమాల్లోనూ చనిపోయేవాడికి నీళ్ళు పోస్తారండీ" అనిరి. మాకు బోధపడలేదు. "పొట్టలో గుండు తగిలినవాడికి నీళ్ళు ఇవ్వకూడదు. అడుగుతూనే ఉంటారు. మేం ఇవ్వలేదు." ఇంతే చెప్పి చేతికర్ర తీసికొని వెడలిపోయిరి.

మరునాడు కార్యదర్శిగారు ఒక లావుపాటి దస్తరము కొని, ఈ బీరువాలో పెట్టించిరి. సైన్యమున పనిచేసినవా రెవ్వరైనను సాయంకాలము అయిదు గంటలకు వచ్చి తమకు తోచినది వ్రాయవచ్చును. చేయి వణకువారు చెప్పినచో వ్రాసిపెట్టుటకు ఇద్దరు విద్యార్థులు ఒప్పుకొన్నారు. హవల్దారుగారు ఇప్పటికే పదునెనిమిది పుటలు నింపినారు. అందు సగము వంటశాలపై ఫిర్యాదులే. నౌకాదళమువారు బొమ్మలు గీయుచున్నారు. వైద్యదళమువారు నిన్న వచ్చి, మొదటి పుటలో విడిచిన జాగాలో తేది, ఊరిపేరు వ్రాసి, మిగిలినది రేపనిరి.